ఆరు కీమోలు అయినయ్, స్కాన్ మంచిగొచ్చింది. మళ్ళ రెండేండ్లు రిటుక్సిమాబ్ ఎందుకు?

దేవరకొండ బిడ్డ | మంగళవారం, రాత్రి 9:40

అందరికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయినకు 58 ఏండ్లు, పత్తి ఏస్తడు. పోయినేడు మెడ పక్కన గడ్డలు తేలినయ్. నొప్పి లేదు, జ్వరం లేదు. పంటి పోటుతోని వచ్చినయని ఊర్ల మందులిచ్చిన్రు. మూడు నెలలు గట్లనే పోయినయ్. చంకల గూడ తేలేసరికి హైదరాబాదుకు తోల్కపోయినం. గడ్డ తీసి పరీక్ష చేస్తే ఫోలిక్యులర్ లింఫోమా, అంటే లింఫు గడ్డలకు వచ్చే ఒక రకం క్యాన్సర్, మూడో స్టేజీ అన్నరు.

బెండమస్టిన్ అనే కీమో మందు, రిటుక్సిమాబ్ అనే ఇంకో మందు కలిపి ఆరు సైకిళ్ళు ఎక్కిచ్చిన్రు. పోయిన వారం పెట్ స్కాన్ తీసిన్రు, డోవిల్ స్కోరు (స్కాన్ల రోగం ఎంత మిగిలిందో చెప్పే లెక్క) 2 అని రాసిన్రు. రెమిషన్ల ఉన్నడు, అంటే రోగం కనవడ్తలేదు అని డాక్టరమ్మ చెప్తుంటే అమ్మ ఆడనే ఏడ్చింది. గప్పుడే ఇంకో మాట గూడ చెప్పింది: రెండు నెలలకొకసారి రిటుక్సిమాబ్ ఒక్కటే, రెండేండ్ల దాకా ఎక్కియ్యాలె, మొత్తం పన్నెండు. దాన్ని మెయింటెనెన్స్ అంటరట.

నాయిన ఇంటికొచ్చినంక పట్టు పట్టిండు. "రోగం పోయిందన్నరు గదా, పోయినదానికి మందేంది?" అంటడు. పెద్దనాయినేమో దవాఖానోళ్ళు పైసలకే చెప్తరు, పసరు మందు తాపిద్దాం అంటుండు. నాకు ఎవరికి ఏం చెప్పాలెనో తెలుస్తలేదు. ఈ దారిల నడిచినోళ్ళు ఉంటే జర చెప్పున్రి.

కోయిల్‌సాగర్ | మంగళవారం, రాత్రి 10:15

చెల్లె, నేను నడిచిన. మాది దేవరకద్ర దిక్కు. నాది గూడ ఫోలిక్యులరే. కీమో అయినంక పన్నెండు మెయింటెనెన్సులు ఎక్కిచ్చుకున్న, ఆఖరిది 2019 మార్చిల. ఇయ్యాల్టి దాకా గడ్డ రాలే.

మీ నాయిన అడిగినదాంట్ల తప్పేం లేదు. నేను గూడ గదే అడిగిన. మా సారు చెప్పిన మాట నాకు బుర్రకెక్కింది: చేన్ల కలుపు తీసినం, పైకి చేను సాఫుగ కనవడ్తది, భూమిల గడ్డి ఇత్తనం ఉండనే ఉంటది. ఫోలిక్యులర్ మెల్లగ పెరిగే రకం. స్కాన్ల కనవడకున్నా ఏడనో కొన్ని కణాలు దాగి ఉంటయి, ఏండ్లకు మళ్ళ లేస్తయి. అవి లేవకుండ ఆపేటందుకే ఈ మందు.

ఇది కీమో లెక్క ఉండదు. నాకు ఎంటికలు ఊడలే, వాంతులు కాలే. పొద్దుగాల బస్సుకు పోయి రాత్రికి ఇల్లు చేరుతుంటి. తెల్లారి దుకాణం తెరిచేటోన్ని.

సూదిమందు సిస్టర్ | బుధవారం, ఉదయం 6:05

నేను నల్లగొండ అమ్మాయినే. హైదరాబాదులో కీమో వార్డులో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. రిటుక్సిమాబ్ ఎన్ని సీసాలు కలిపానో లెక్కలేదు. నాకు తెలిసినంత చెబుతాను, నిర్ణయం మాత్రం మీ డాక్టరుతో కూర్చునే తీసుకోండి.

రిటుక్సిమాబ్ కీమో మందు కాదమ్మా, ఇమ్యునోథెరపీ. మన ఒంట్లో బి కణాలనే తెల్లరక్తకణాలు ఉంటాయి. వాటి పైపొర మీద సీడీ 20 అనే గుర్తు ఉంటుంది. ఫోలిక్యులర్ లింఫోమా పుట్టేది ఆ బి కణాల్లోంచే, కాబట్టి దాని మీదా ఆ గుర్తు ఉంటుంది. ఈ మందు ఒక యాంటీబాడీ. పోయి ఆ గుర్తును పట్టుకుంటుంది, అప్పుడు మన రోగనిరోధక శక్తి వచ్చి ఆ కణాన్ని చంపేస్తుంది. మంచి బి కణాలూ వాటితో పాటే పోతాయి. కానీ వాటిని పుట్టించే మూలకణాల మీద సీడీ 20 ఉండదు, అందుకే మందు ఆపిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు అవి మెల్లగా తిరిగి పుట్టుకొస్తాయి. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది, అక్కడ క్యాన్సర్‌కు అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ (ప్రయోగశాలలో ఒకే రకంగా తయారుచేసే) యాంటీబాడీ ఇదే. మన దగ్గర ఖరీదు చూసే చాలామంది వెనక్కి పోయేవాళ్ళు. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో ఇక్కడే తయారుచేసి తెచ్చింది. ఆ తర్వాతే మా వార్డులో ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఈ మందు వేలాడదీయడం మామూలైంది.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను, దీనికి తప్పకుండా జవాబు చెప్పు. నాయినకు కీమో మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారా? ఒకటి కాదు, రెండుంటాయి. హెచ్‌బీఎస్ యాంటిజెన్ ఒకటి, కోర్ యాంటీబాడీ ఇంకొకటి. ఫైల్లో రెండూ ఉన్నాయా చూడు.

పానగల్లు | బుధవారం, ఉదయం 8:30

ఒక మాట కటువుగ చెప్తున్న, ఏమనుకోకు తల్లీ. మెయింటెనెన్స్ ఏసుకుంటే ఆయుష్షు పెరుగుతదని ఎవరన్నా చెప్తే నమ్మకు. మా అమ్మకు ఇదే జబ్బయినప్పుడు నేను బాగ చదివిన. ప్రైమా అని పెద్ద పరీక్ష చేసిన్రు, వెయ్యి మందికి పైనే. కీమోతోని రిటుక్సిమాబ్ తీసుకొని తగ్గినోళ్ళను రెండు గుంపులు చేసిన్రు. సగం మందికి రెండు నెలలకొకటి రెండేండ్లు ఇచ్చిన్రు, మిగిలినోళ్ళకు ఏమియ్యకుండ చూసుకుంట ఉన్నరు. 2011ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చింది. మూడేండ్లకు చూస్తే మందు తీసుకున్న గుంపుల నూటికి 75 మందికి జబ్బు మళ్ళ లేవలే, తీసుకోని గుంపుల 58 మందికి. తర్వాత పదేండ్ల లెక్క గూడ తీసిన్రు: 51 మంది, 35 మంది. కని పదేండ్లకు బతికున్నోళ్ళు రెండు గుంపులల్ల గూడ ఇంచుమించు 80 మందే.

అంటే జబ్బు తిరగబెట్టుడు దూరం జరుగుతది, బతుకు పొడుగు గాదు. గీ ముచ్చట మాకు ముందుగాల ఎవ్వరు చెప్పలే.

అమ్మకు ఏడు డోసులు అయినంక కరోనా కాలం వచ్చింది. 2020ల లాక్‌డౌన్. బి కణాలు లేని మనిషికి కరోనా వస్తే కష్టమని డాక్టరే ఆపేసిండు. మిగిలిన ఐదు ఎక్కలే. ఇప్పటికి బాగనే ఉన్నది.

కోయిల్‌సాగర్ | బుధవారం, ఉదయం 9:10

పానగల్లన్నా, మీ లెక్క తప్పు అంటలేను. కని "బతుకు పొడుగు గాదు" అని తేల్చినట్టు చెప్తే మనిషి మనసు ఇరుగుతది. అదే లెక్కల ఇంకోటి చూడున్రి. మందు తీసుకున్నోళ్ళకు జబ్బు మళ్ళ లేసేసరికి నడిమిట్లకు పదిన్నర ఏండ్లు, తీసుకోనోళ్ళకు నాలుగేండ్లు. ఆ ఆరేండ్లు నాకు శానా పెద్దయి. మళ్ళ కీమోకు కూసోకుండ బిడ్డ పెండ్లి చేసిన, మనుమన్ని ఎత్తుకున్న. గీ ఆరేండ్లను తక్కువ చేసి చెప్పుడు నేనొప్పుకోను.

పానగల్లు | బుధవారం, ఉదయం 9:25

తక్కువ చేస్తలేనన్నా. రెండు దిక్కుల ముచ్చట తెలిసి ఒప్పుకోవాలె అంటున్న. అంతే.

కొల్లాపూర్ మామిడి | బుధవారం, మధ్యాహ్నం 1:50

నేను ఐదు డోసులకే ఆపేసిన మనిషిని, అందుకే రాస్తున్నాను. నాకు 49. మీ నాయినగారి లాగే బెండమస్టిన్ తర్వాత మెయింటెనెన్స్ మొదలుపెట్టారు. మొదటి మూడు హాయిగా గడిచాయి. నాలుగో దాని తర్వాత న్యుమోనియా, తొమ్మిది రోజులు ఆసుపత్రి. ఐదో దాని తర్వాత మళ్ళీ న్యుమోనియా. అప్పుడు రక్తంలో ఐజీజీ చూస్తే బాగా పడిపోయి ఉంది. రోగాలతో పోరాడే యాంటీబాడీలు అవే. బయటి నుంచి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరుగారు, నేను, మా ఆయన కూర్చుని ఆపేద్దామనుకున్నాం. మూడేళ్ళయింది. గడ్డలు రాలేదు.

పానగల్లు గారు చెప్పిన ప్రైమాలోనే ఇన్ఫెక్షన్ల లెక్క కూడా ఉంది: మందు తీసుకున్నవాళ్ళలో నూటికి 39, తీసుకోనివాళ్ళలో 24. పైగా ఆ పరీక్షలో ఎవరూ బెండమస్టిన్ తీసుకోలేదు, వాళ్ళ కీమోలు వేరే. బెండమస్టిన్ టి కణాలను (రోగాలతో పోరాడే ఇంకో రకం తెల్లకణాలు) కూడా చాలాకాలం అణిచి ఉంచుతుంది. దాని మీద మెయింటెనెన్స్ వేస్తే వచ్చే లాభం, నష్టం రెండూ ఆ లెక్కతోనే తూచలేమని మా డాక్టరుగారు విడమరిచి చెప్పారు. మీ డాక్టరమ్మను ఈ ప్రశ్న సూటిగా అడగండి: "బెండమస్టిన్ తర్వాత మా నాయినకు దీని అవసరం ఎంత?" కోప్పడరు, అడగాల్సిన ప్రశ్నే ఇది.

వేయించుకోవద్దని నేను అనడం లేదు. ఐజీజీ, తెల్లకణాలు చూసుకుంటూ వేయించుకోండి. జ్వరం 100.4 దాటితే రేపు చూద్దాంలే అనుకోకండి. నేను మామిడికాయల సీజనని రెండు రోజులు ఆగాను. ఆ రెండు రోజులే నన్ను ఐసీయూ దాకా తీసుకెళ్ళాయి.

మక్తల్ పోరడు | బుధవారం, సాయంత్రం 6:20

నాది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ అనే ఇంకో రకం లింఫోమా. ఆర్-చాప్ (రిటుక్సిమాబ్ కలిపిన కీమో) ఆరు అయినయ్, స్కాన్ క్లీన్. నాకు మెయింటెనెన్స్ రాయలే. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకో పో అన్నరు. నన్ను ఇడిసిపెట్టిన్రా ఏంది? ఇది సదువుతుంటే గుండెల దడ మొదలైంది.

సూదిమందు సిస్టర్ | బుధవారం, రాత్రి 7:45

వదిలేయలేదు నాన్నా. నీది తొందరగా పెరిగే రకం. ఆర్-చాప్‌తో పూర్తిగా తగ్గితే చాలామందికి అది శాశ్వతంగానే పోతుంది. ఆ రకంలో ఆర్-చాప్ తర్వాత మళ్ళీ రిటుక్సిమాబ్ సాగదీస్తే లాభం లేదని పరీక్షల్లోనే తేలింది. లేని లాభానికి ఇన్ఫెక్షన్లు ఎందుకని ఇవ్వరు. నీకు రాయకపోవడమే సరైన వైద్యం. నిశ్చింతగా పడుకో.

మిర్యాలగూడ వరి | బుధవారం, రాత్రి 8:30

మావారిది మాంటిల్ సెల్ అనే మరో రకం లింఫోమా. సొంత మూలకణాలతో మార్పిడి చేశారు, ఆ తర్వాత రెండు నెలలకొక రిటుక్సిమాబ్ చొప్పున మూడేళ్ళు. మాకు ఇప్పుడు రెండో ఏడు. ఇందులో మాత్రం జబ్బు వెనక్కి జరగడమే కాదు, బతికేవాళ్ళు కూడా పెరిగారని ఫ్రాన్సు దేశపు పరీక్ష ఒకటి 2017లో వచ్చింది: నాలుగేళ్ళకు మందు తీసుకున్నవాళ్ళు నూటికి 89 మంది, తీసుకోనివాళ్ళు 80. అందుకే "లింఫోమాకు మెయింటెనెన్స్ మంచిదా" అని అడిగితే జవాబు రాదు. ఏ లింఫోమా, దానికి ముందు ఏ చికిత్స అని అడగాలి. మా పక్కింటి అబ్బాయిది హాడ్జ్‌కిన్, వాళ్ళమ్మ మా చీటీ చూసి అదే మందు మాకెందుకు రాయలేదని డాక్టరు మీద కోపం తెచ్చుకుంది.

జడ్చర్ల జంక్షన్ | గురువారం, ఉదయం 7:15

హాడ్జ్‌కిన్ నాది గూడ. దాని కణాల మీద మామూలుగ సీడీ 20 ఉండదంట అక్కా, పట్టుకునేటందుకు గుర్తు లేకుంటే ఆ మందు ఏం చేస్తది? మాకు సీడీ 30. తిరగబెట్టి మార్పిడి అయినోళ్ళల్ల ముప్పు ఎక్కువున్నోళ్ళకు బ్రెంటుక్సిమాబ్ అని మూడు వారాలకొకటి, పదహారు దాక ఇస్తరు. అది వేరే ముచ్చట, అందరికి గాదు. పక్కింటి తమ్మునికి ఈ మాట చెప్పున్రి.

దేవరకొండ బిడ్డ | గురువారం, రాత్రి 10:50

అక్కలు, అన్నలు, ఇన్ని రాస్తరనుకోలే. నిన్న అమ్మ పండినంక ఫైల్ మొత్తం ముందటేసుకొని కూసున్న. సిస్టరమ్మా, హెచ్‌బీఎస్ యాంటిజెన్ నెగిటివ్ అని ఉన్నది. రెండోది, కోర్ యాంటీబాడీ, ఎంత ఎతికినా కనవడలే. చేయలేనట్టున్నది. ఇప్పుడేమైతది? ఆరు డోసులు ఎక్కినంక చెప్తుండ్రు మీరు, నాకు కాళ్ళు చేతులు ఆడ్తలేవు.

సూదిమందు సిస్టర్ | గురువారం, రాత్రి 11:20

భయపడకు, ముందు విను. ఎప్పుడో చిన్నప్పుడు హెపటైటిస్ బి వచ్చి తనంతట తానే తగ్గినవాళ్ళలో మొదటి పరీక్ష నెగిటివ్ చూపిస్తుంది. వైరస్ మాత్రం కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది. బి కణాలు పోయి కాపలా లేనప్పుడు అది లేస్తుంది. అప్పుడు వచ్చే కామెర్లు ప్రాణాల మీదికి తెస్తాయి. ఈ మందుకు ఉన్న అతి పెద్ద హెచ్చరికల్లో ఇదొకటి. ఒక మనిషిని నేను అలా పోగొట్టుకున్నాను, లింఫోమా తగ్గిపోయి కామెర్లతో పోయాడు. అందుకే కొత్తగా ఎవరు కనబడినా మొదట ఇదే అడుగుతాను.

రేపే కోర్ యాంటీబాడీ, లివర్ పరీక్ష చేయించు. నల్లగొండలో రక్తం ఇచ్చినా చాలు. పాజిటివ్ వస్తే ఎంటెకావిర్ లాంటి మాత్ర మొదలుపెడతారు, వైరస్ లేవకుండా ఆపుతుంది. ఆలస్యం కాలేదు.

ఇంకొకటి, పెద్దనాయిన చెప్పే పసరు మందు. ఆయనది ప్రేమే, కాదనను. కానీ కాలేయం సంగతి తేలని మనిషికి ఏముందో తెలియని పసరు తాగించకండి.

దేవరకొండ బిడ్డ | ఐదు రోజుల తర్వాత, సాయంత్రం 5:30

కోర్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. లివర్ పరీక్షలు మంచిగనే ఉన్నయ్, వైరస్ లెక్క చూస్తే దొరకలే. డాక్టరమ్మ రిపోర్టు చూసి శానాసేపు మాట్లాడలే, తర్వాత "మంచి పని చేసినవమ్మా" అన్నది. ఎంటెకావిర్ రాసింది. ముందుగాల్నే చేయాల్సిన పరీక్ష మాకెందుకు చేయలేదని నాకు కడుపుల మంట ఉన్నది. కని ఆ దినం నాయిన ముంగట కొట్లాడబుద్ధి కాలే.

కొల్లాపూరక్క చెప్పిన ప్రశ్న అడిగిన. దాపరికం లేకుండ చెప్పింది. మూడో స్టేజీ, మొదట్ల గడ్డలు పెద్దగ ఉండె, జబ్బు తొందరగ తిరగబెట్టకుండ ఉండాలంటే మెయింటెనెన్స్ మేలనిపిస్తుంది, కని ఆయుష్షు పెరుగుతదని మాటియ్యలేనన్నది. ఐజీజీ చూస్తం, న్యుమోనియా అసొంటిది ఒక్కసారి వచ్చినా ఆపేసి మళ్ళ ఆలోచన చేద్దామన్నది. నాయిన అంతా ఇని ఒక్కటే అడిగిండు: "మల్ల గా పెద్ద కీమోకు ఎన్నేండ్లు కూసోకుండ ఉంట?" ఏండ్లు చెప్పలేను, ఇది తీసుకుంటే దూరం జరుగుతదన్నది. "అయితే ఏసుకుంట" అన్నడు. నేను నాలుగు దినాలు ఎట్ల ఒప్పియ్యాలెనని తలకాయ కొట్టుకున్న, ఆయన ఒక్క నిమిషంల తేల్చిండు.

ఖర్చు సంగతి ఎవరన్నా చెప్తరా? ఒంటి కొలతకు 600 మిల్లీగ్రాములు పడుతయట.

కోయిల్‌సాగర్ | అదే రోజు, రాత్రి 8:00

500ది ఒకటి, 100ది ఒకటి, రెండు సీసాలు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ముందుగాల దవాఖానల ఆరోగ్యమిత్రను పట్టుకో చెల్లె. మెయింటెనెన్స్ ఏ ప్యాకేజీ కింద వస్తదో, ఎన్ని డోసులకు అప్రూవల్ ఇస్తరో నోటిమాట గాదు, కాయితం మీద అడుగు. అప్రూవల్ రాకముందు తేదీ పెట్టుకోకు. నాకు ఒక పారి గట్లనే అయి ఉత్తగ తిరిగొచ్చిన, ఆ డోసు ఇరవై దినాలు ఎనకకు పోయింది. 2007 ఏప్రిల్‌ల ఈ పథకం మొదలువెట్టిన మూడు జిల్లాలల్ల మన పాలమూరు ఒకటి. అప్పటిసంది ఎన్ని ఇండ్లను నిలబెట్టిందో నేను కండ్లార చూసిన. ఇప్పుడు ఏడాదికి పది లక్షల దాక ఉన్నది.

రైలుకు పోయేదుంటే క్యాన్సర్ పేషెంటుకు, తోడుపోయే ఒక్కలకు టికెట్ల రాయితీ ఉన్నది. డాక్టరుతోని రైల్వే ఫారం నింపించుకోవాలె.

సూదిమందు సిస్టర్ | అదే రోజు, రాత్రి 9:15

ఎక్కించే రోజు సంగతి చెబుతాను. బీపీ మాత్ర వేసుకునే మనిషైతే ఆ పొద్దున వేసుకోవాలా వద్దా అని ముందు రోజే అడగండి, ఈ మందు ఎక్కుతుంటే బీపీ పడిపోతుంది. ముందుగా పారాసిటమాల్, అలర్జీ సూది ఇస్తారు. మొదట మెల్లగా వదిలి అరగంటకోసారి వేగం పెంచుతారు. చలి, వణుకు, దురద, గొంతు పట్టేసినట్టు ఏది అనిపించినా వెంటనే సిస్టర్‌ను పిలవమను. మన మగవాళ్ళు పళ్ళబిగువున ఓర్చుకుంటారు, ఇక్కడ ఓర్చుకోకూడదు. ఆపి, సూది ఇచ్చి, తగ్గాక మెల్లగా మళ్ళీ మొదలుపెడతాం. ఎక్కువగా వచ్చేది మొట్టమొదటి డోసులోనే, మీవి ఆరు గడిచాయి కాబట్టి తేలికగానే పోవాలి.

ఫ్లూ, న్యుమోనియా టీకాలు డాక్టరును అడిగి వేయించండి. ఈ మందు మీద ఉన్నప్పుడు టీకా పూర్తిగా పట్టదు, అయినా కొంత మేలు. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు మాత్రం వద్దు.

పానగల్లు | అదే రోజు, రాత్రి 9:50

తల్లీ, పురుగుమందు కొట్టేది నాయిన చేతుల నుంచి తీసేయున్రి. గ్లైఫోసేట్ గడ్డిమందును క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న జాబితాల 2015ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం పెట్టింది, అండ్ల చెప్పిన రకం, మీ నాయిన ఫోలిక్యులర్ గూడ చేరే ఈ నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమానే. మీ నాయినకు దానితోనే వచ్చిందని ఎవ్వరు చెప్పలేరు, ఆయన మీద నింద ఎయ్యకున్రి. కని ఇగ సంచి ఎత్తుకోవద్దు.

దేవరకొండ బిడ్డ | ఆరు నెలల తర్వాత

చెప్పకుండ మాయమైన, మాఫ్ చేయున్రి. మొన్న మూడో మెయింటెనెన్స్ అయింది. తెల్లారుజామున బస్సు ఎక్కి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ పోతం. నాకు మహాలక్ష్మిల జీరో టికెట్, నాయినకొక్కనికే పైసలు. రెండోసారి నడుమ కొంచెం దురద లేసింది, ఆపి సూదిచ్చి మళ్ళ పెట్టిన్రు. మూడోసారి ఏం కాలే, ఎక్కుతుంటే నిద్రపోయిండు. ఐజీజీ కొంచెం తగ్గింది, ఇంకా పర్వాలేదంట. మందుకొట్టుడు మా తమ్ముడు గూడ బంద్ చేసిండు, కూలోళ్ళను పెట్టి కలుపు తీపిచ్చినం. పెద్దనాయిన మొన్న తానే దవాఖానకు తోడొచ్చిండు.

సిస్టరమ్మా, ఎంటెకావిర్ తిండికి దూరముండాలె అన్నరు. నాయిన పొద్దుగాల ఐదింటికి ఏసుకొని చేనుకు పోతడు, ఏడు దాటినంక సద్ది తింటడు. గట్ల సరిపోతదా? పన్నెండు డోసులు అయిపోయిన దినమే ఆ మాత్ర గూడ ఆపొచ్చా?

సూదిమందు సిస్టర్ | అదే రోజు, రాత్రి

తిండికి రెండు గంటల ముందు అన్నమాట, సరిపోతుంది. సద్ది ఏడు కంటే ముందు జరగనివ్వకు.

మాత్ర ఆ రోజు ఆపొద్దు. ఆఖరి రిటుక్సిమాబ్ అయ్యాక కూడా కనీసం ఏడాది, చాలామంది డాక్టర్లు ఏడాదిన్నర దాకా కొనసాగిస్తారు. ఆపే తేదీ డాక్టరమ్మే చెప్పాలి, ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు లివర్ పరీక్షలు ఉంటాయి. డ్రిప్పులు అయిపోయాయని సంబరంలో మాత్ర మానేసినవాళ్ళను చూశాను. ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు.

దేవరకొండ బిడ్డ | అదే రోజు, రాత్రి

ఫైలు అట్ట మీద రాసిన. గోడ క్యాలెండర్ మీద గూడ నాయినతోనే రాపిచ్చిన. నాలుగోది వచ్చే నెల 18న, అప్రూవల్ కాయితం నిన్ననే చేతికొచ్చింది.